చవకగా రైఫిల్ సాధన: ఛర్రాలు, తూటాలు ఎంచుకోవడం, పరీక్షించడం, దాచుకోవడం

నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ రేంజికి సుమారు వంద కిలోమీటర్లు. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని షూటింగ్ రేంజికి వెళ్లి రావాలంటే ఒక రోజు పోతుంది, రానుపోను ఖర్చు తూటాల ఖర్చును దాటుతుంది. కాబట్టి ఈ వైపు వాళ్లకు చవక అంటే డబ్బా మీది ధర ఒక్కటే కాదు. ఇంటి దగ్గర ఎంత సాధన చేయగలం, కొన్న వాటిలో ఎన్ని పనికొస్తాయి, రేంజికి వెళ్లిన రోజున ఎన్ని వృథా కాకుండా ఉంటాయి అన్నవి కూడా లెక్కలోకి రావాలి. ఈ లెక్కలో, గాలి ఒత్తిడితో సీసపు ఛర్రాను వదిలే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు పోటీ లేదు. మందు నింపిన తూటాతో పేలే పాయింట్ 22 రైఫిల్ దాని తర్వాతి మెట్టు. ఆ క్రమంలోనే చెప్పుకుందాం.

వేట మాట ముందే

"అడవిపందికి ఏ తూటా సరిపోతుంది?" అని అచ్చంపేట, దేవరకొండ వైపు రైతులు తరచుగా అడుగుతారు. పల్లి, మొక్కజొన్న చేలను పందులు రాత్రికి రాత్రి దున్నేస్తుంటే ఆ ప్రశ్న రావడంలో తప్పు లేదు. కానీ మన దేశంలో సరదా వేటకు లైసెన్సు అనేదే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 9వ సెక్షన్ వేటను నిషేధిస్తుంది. పంటను, ప్రాణాన్ని దెబ్బతీసే జంతువు విషయంలో 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. చేతిలో తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఆ అనుమతి ఉన్నట్టు కాదు. అభయారణ్యంలోకి ముందస్తు అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే 31వ సెక్షన్ కింద నేరం. అమ్రాబాద్ అడవి అంచున పొలాలున్నవాళ్లు బండిలో ఎయిర్‌గన్ పెట్టుకుని ఆ దారిన పోయే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎయిర్‌గన్‌తో పందిని కొడితే అది చావదు, గాయంతో పారిపోయి వారం రోజులు కుళ్లుతుంది. పిట్టలు, ఉడతలు, నెమళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే ఈ మార్గదర్శిలో ఇక వచ్చేదంతా కాగితం మీది గురి గురించే.

చట్టం ఎక్కడ గీత గీసింది

2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం లోపలి వ్యాసం 4.5 మి.మీ. (పాయింట్ 177) దాటకుండా, మూతి దగ్గర శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉండే ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. దుకాణదారు గుర్తింపు కార్డు, వయసు రుజువు తీసుకుంటాడు, అంతే. ఆన్‌లైన్‌లో "పవర్ ఎక్కువ" అని 5.5 మి.మీ. ఎయిర్‌గన్ చూపిస్తే దాని జోలికి పోవద్దు, దానికి లైసెన్సు కావాలి.

పోటీల్లో వాడే 10 మీటర్ల రైఫిళ్లు ఈ హద్దుకు చాలా లోపలే ఉంటాయి. 0.53 గ్రాముల ఛర్రాను సెకనుకు 170 మీటర్ల వేగంతో వదిలితే వచ్చేది సుమారు 7.7 జౌళ్లు. 10 మీటర్ల గురికి అంతకంటే అవసరం లేదు. శక్తి పెరిగిన కొద్దీ కుదుపు పెరుగుతుంది, గురి చెదురుతుంది, ఎదురు కొట్టే ప్రమాదమూ పెరుగుతుంది.

ఇంట్లో 10 మీటర్లు

వసారా, గోదాము, పాత కోళ్లఫారం, పొడవాటి మిద్దె ఏదైనా పనికొస్తుంది. దూరం కొలిచేది గురి కాగితం ముఖం నుంచి మీరు నిలబడే గీత దాకా. గొట్టం చివర నుంచి కొలవడం మామూలుగా జరిగే పొరపాటు, అలా కొలిస్తే అసలు దూరం 10 మీటర్లు దాటిపోతుంది. పోటీ నియమం 10 మీటర్లకు 5 సెంటీమీటర్ల తేడాను ఒప్పుకుంటుంది. గురి మధ్య బిందువు నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున ఉండాలి.

అసలు జాగ్రత్త వెనుక గోడ విషయంలో. మన వైపు ఇళ్లలో షాబాదు బండ, నల్లరాయి, కట్టుడు రాయి ఎక్కువ. సీసపు ఛర్రా రాయికి తగిలితే చితికి, ముక్కలై మీ వైపే వస్తుంది. అందుకే గుళ్లు పట్టే పెట్టె చేసుకోవాలి. 3 నుంచి 4 మి.మీ. మందం ఇనుప రేకును 45 డిగ్రీల వాలులో, పై అంచు మీ వైపు వంగేలా చెక్కపెట్టెలో బిగించండి. తగిలిన ఛర్రా కిందికి జారుతుంది. అడుగున పది సెంటీమీటర్ల మందాన పొడి ఇసుక పోయండి. పెట్టె ముఖానికి పాత కారు మ్యాటు లాంటి రబ్బరు వేలాడదీస్తే తిరిగొచ్చే ముక్కలు ఆగుతాయి. పెట్టె వెనుక, పక్కల పత్తి కూరిన గోనెసంచులు పేర్చితే పక్కకు పోయిన గుండు కూడా అక్కడే ఆగుతుంది. పత్తి పండే జిల్లాలో దీనికి ఖర్చు పెద్దగా ఉండదు. ఇసుక తడిస్తే గట్టిపడుతుంది, వానాకాలంలో ఒకసారి తీసి ఎండబెట్టాలి.

గురి కాగితం మీద వెలుతురు 1,500 లక్స్ ఉండాలని నియమం. ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటును మీ కళ్లలో పడకుండా గురి వైపు తిప్పి పెట్టుకోండి. ఫోనులో లక్స్ కొలిచే యాప్ ఉంటుంది, ఉజ్జాయింపుగా చాలు. గాలి ఛర్రా మీద నేరుగా తగిలేలా ఫ్యాను తిప్పొద్దు. కళ్లద్దాలు తప్పనిసరి, పక్కన నిలబడేవాళ్లకూ. తలుపు ఉన్న వైపు నుంచి ఎవరూ రాకుండా గొళ్లెం వేయండి. పిల్లలు, పశువులు ఉన్న వాకిట్లో ఇది చేయకూడదు.

ఛర్రా ఏమిటి, దేనికి డబ్బు పెడుతున్నాం

ఛర్రాకు మూడు భాగాలుంటాయి: తల, సన్నని నడుము, వెనుక బోలుగా ఉండే స్కర్టు. గొట్టం లోపలి గాడులను తల తాకి నడుస్తుంది. వెనుక నుంచి వచ్చే గాలి ఒత్తిడికి స్కర్టు వ్యాకోచించి గొట్టాన్ని మూసేస్తుంది. ఈ రెంటిలో ఏది వంకరగా ఉన్నా గురి పోతుంది. దాదాపు మొత్తం ధర ఈ సమానత్వానికే.

గురికి కొనాల్సింది చదును తల ఉన్నది. అది కాగితంలో గుండ్రని శుభ్రమైన రంధ్రం చేస్తుంది, మార్కు తేలిగ్గా తెలుస్తుంది. గుండ్రటి తలది ఎక్కువ దూరాలకు. మొన తేలినది చూడ్డానికి పదునుగా ఉంటుంది కానీ 10 మీటర్ల దగ్గర దానికి లాభం లేదు, మొన చిన్నగా వంగినా దారి తప్పుతుంది. గొట్టంలో ఉక్కు బీబీ గుళ్లు ఎప్పుడూ వేయొద్దు. సీసం కోసం చెక్కిన గాడులను ఉక్కు గీకేస్తుంది, ఆ రైఫిల్ మళ్లీ కోలుకోదు.

బరువు రైఫిల్‌కు 0.53 గ్రాముల దగ్గర, అంటే 8.2 గ్రెయిన్ల చుట్టూ ఉంటే సరిపోతుంది. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, మైస్టర్‌కుగెల్న్, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, జేఎస్‌బీ మ్యాచ్ రకాలు ఈ తరగతివి. ఆర్‌డబ్ల్యూఎస్ హాబీ 0.45 గ్రాములు, సాధనకు చవక రకం. తేలిక ఛర్రా స్ప్రింగు రైఫిల్లో (స్ప్రింగు పిస్టన్‌ను తోసి గాలిని నొక్కే రకం) వేగంగా పోతుంది, బరువుది నిదానంగా పోతుంది, కానీ ఏది బాగా కూర్చుంటుందో మీ గొట్టమే చెప్పాలి.

డబ్బా మీద 4.49, 4.50, 4.51 లాంటి అంకెలుంటాయి, అవి తల వ్యాసం మిల్లీమీటర్లలో. ఇది బ్రాండు కన్నా ముఖ్యం. ఒకే కంపెనీ ఒకే రకం 4.49లో చెదిరి, 4.51లో ముద్దగా పడడం అరుదు కాదు. మ్యాచ్ (పోటీ రకం) డబ్బాల మీద తయారీ లాట్ సంఖ్య, అంటే ఒకే విడతలో తయారైన వాటి గుర్తు కూడా ఉంటుంది. దాన్ని నోటుబుక్కులో రాసుకోండి.

నిజమైన ధర లెక్క

ఒక డబ్బాలో 500 ఉంటాయి. మొదటి రకం 500 రూపాయలు, రెండోది 700 అనుకుందాం. మొదటి దాంట్లో వంగినవి, నలిగినవి 40 తీసేస్తే 460 మిగులుతాయి, ఒక్కోటి 1 రూపాయి 9 పైసలు. రెండోదాంట్లో 5 పోతే 495 మిగులుతాయి, ఒక్కోటి 1 రూపాయి 41 పైసలు. ఇంకా మొదటిదే చవకగా ఉంది. అసలు ప్రశ్న ఆ 460 ఎక్కడ పడుతున్నాయన్నది.

10 మీటర్ల రైఫిల్ గురిలో ఒక్కో వలయం వెడల్పు 2.5 మి.మీ. దశాంశ మార్కుల్లో 0.1కు 0.25 మి.మీ. ఛర్రా తన తప్పు వల్లే సగటున ఒక మి.మీ. పక్కకు పడితే 0.4 మార్కు పోగొట్టుకుంటారు, మీ తప్పు లేకుండానే. 60 గుళ్లలో అది 24 మార్కులు. 654 గరిష్ఠంగా ఉన్న పోటీలో 24 మార్కులంటే జాబితాలో పైన ఉండేవాడు కిందికి పోతాడు. అయితే మొదలుపెట్టి ఆరు నెలలైన వాడి చేతి వణుకే 5, 6 మి.మీ. ఉంటుంది. వాడికి ఆర్10 కొనిపెట్టడం నెయ్యి పోసి దున్నడం లాంటిది. మీ సగటు 9.5 దాటే దాకా మధ్యరకం ఛర్రా చాలు, ఆ డబ్బు కోచింగుకో ప్రయాణానికో పెట్టండి.

ఏ ఛర్రా మీ గొట్టానికి సరిపోతుంది

నలుగురు కలిసి నాలుగు రకాల డబ్బాలు తెచ్చి పంచుకుంటే ఒక్కొక్కరికి ప్రతి రకంలో 125 వస్తాయి. పరీక్షకు ఒక్కో రకానికి 45 సరిపోతాయి. ఇలా నాలుగు రకాలకు 180.

ముందు రైఫిల్‌నే చూడండి. స్ప్రింగు రైఫిళ్లలో కట్టె (భుజానికి ఆనించే చెక్క భాగం) బిగించే స్క్రూలు కుదుపుకు వదులవుతాయి. ఛర్రాలను తిట్టుకునేవాళ్లలో చాలామంది విషయంలో అసలు దోషం ఆ స్క్రూలదే. పరీక్షకు ముందు, మధ్యలో, చివర బిగించి చూడండి.

గొట్టం శుభ్రం చేయండి. 4.5 మి.మీ. ఫెల్టు (ఒత్తిన ఉన్ని) గుళ్లు రెండు మూడు వదిలితే చాలు. ఇత్తడి బ్రష్షు, నూనె ధార అక్కర్లేదు. తర్వాత కొత్త రకం ఛర్రాలు 20 వదలండి, వీటిని లెక్కలోకి తీసుకోవద్దు. పాత రకం సీసపు పొర పోయి కొత్తది పట్టాలి. ఈ మెట్టు మానేసి రెండు రకాలను ఒకదాని వెనుక ఒకటి పోల్చడమే చాలా తప్పు తీర్పులకు కారణం.

ఇప్పుడు ఆనుకుని కాల్చండి. గాలి సిలిండర్ ఉన్న మ్యాచ్ రైఫిల్‌కు ఇసుక సంచి మీద ఆనిక బాగుంటుంది. స్ప్రింగు రైఫిల్‌ను మాత్రం సంచి మీద గట్టిగా నొక్కితే చెల్లాచెదురవుతుంది, ఎందుకంటే ఛర్రా గొట్టంలో ఉండగానే పిస్టన్ రైఫిల్‌ను కదిలిస్తుంది, ఆ కదలిక ప్రతిసారి ఒకేలా ఉండాలి. తెరిచిన అరచేతిని సంచి మీద పెట్టి, దాని మీద రైఫిల్‌ను తేలిగ్గా వదిలేయండి, భుజానికి మెల్లగా ఆనించండి. రైఫిల్ తనంతట తాను వెనక్కి కదలాలి.

ఒకే గురి మీద ఐదేసి గుళ్ల గ్రూపులు ఐదు కాల్చండి. రంధ్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకు అతి దూరంగా ఉన్న రెండింటి మధ్య కొలిచి, అందులోంచి 4.5 మి.మీ. తీసేయండి. అది మధ్య నుంచి మధ్యకు దూరం. చదును తల ఛర్రా, దళసరి కార్డు వాడితేనే ఈ కొలత సరిగ్గా వస్తుంది. జిరాక్సు కాగితం చిరుగుతుంది, రంధ్రం అసలు కన్నా చిన్నగా కనిపిస్తుంది. ఐదు గ్రూపుల సగటు తీసి రాసుకోండి. ఒక గ్రూపు 3 మి.మీ. వచ్చిందని సంబరపడి డబ్బాలు కొనొద్దు, మిగతా నాలుగు 9 ఉంటే ఆ మూడు అదృష్టం మాత్రమే. మ్యాచ్ రైఫిల్‌కు మంచి ఛర్రాతో సగటు 1 నుంచి 2 మి.మీ. దాకా దిగాలి. మామూలు స్ప్రింగు రైఫిల్‌కు 10, 15 మి.మీ. వచ్చినా సాధనకు పనికొస్తుంది.

గెలిచిన రకాన్ని అదే లాట్ సంఖ్యలో ఆరు నెలలకు సరిపడా ఒకేసారి కొనండి. లాట్ మారితే మళ్లీ పరీక్ష. అంత డబ్బు ఒకేసారి లేకపోతే క్లబ్బు సభ్యులు కలిసి తెప్పించుకోవడం మంచిది.

ఏరడం

పెద్ద అద్దం పలకను కాస్త వాలుగా పెట్టి ఛర్రాలను ఒక్కొక్కటే దొర్లించండి. తల, స్కర్టు వ్యాసాలు వేరు కాబట్టి ఛర్రా వంపుగా దొర్లుతుంది. అన్నీ ఒకే వంపులో వచ్చి ఒకేచోట ఆగాలి. దూరంగా పోయేవి తల పరిమాణంలోనో స్కర్టులోనో తేడా ఉన్నవి. తడబడుతూ దొర్లేవి వంగినవి. ఐదువందలకు గంట లోపే అయిపోతుంది.

బరువు తూచడం చివరి మెట్టు. బంగారు దుకాణాల్లో వాడే 0.001 గ్రాముల త్రాసు కావాలి. 0.53 గ్రాముల ఛర్రాల్లో 0.005 కన్నా ఎక్కువ తేడా ఉన్నవాటిని పక్కన పెట్టండి. మంచి మ్యాచ్ డబ్బాలో పెద్దగా తేడాలు దొరకవు, కాబట్టి రాష్ట్రస్థాయి పోటీకి వెళ్లేవాళ్లకు తప్ప ఈ శ్రమ ఫలితమివ్వదు. ఏరగా పోయినవాటిని పారేయొద్దు, మొదటి ఇరవై గుళ్లకు, అంటే ఒళ్లు వేడెక్కించడానికి వాడుకోండి.

కింద పడ్డ ఛర్రా మళ్లీ గొట్టంలోకి వెళ్లకూడదు. స్కర్టు అంచు కంటికి కనిపించనంత నలుగుతుంది, నేల మీది ఇసుక రేణువు గాడిని గీస్తుంది. పెట్టెలోంచి ఏరిన కాల్చిన ఛర్రాను మళ్లీ వాడడం గురించి చెప్పనే వద్దు.

కూర్చోబెట్టడం, దాచడం

మడిచే గొట్టం రైఫిల్లో ఛర్రాను బొటనవేలితో నొక్కి స్కర్టు గొట్టం ముఖానికి సమంగా వచ్చేదాకా పంపాలి. కొంచెం బయటికి ఉండిపోతే గొట్టం మూసేటప్పుడు ఆ అంచు కోసుకుపోతుంది, వెంటనే ఒక గుండు దూరంగా పడుతుంది. ప్రతిసారి ఒకే ఒత్తిడితో నొక్కడం కూడా గురిలో భాగమే.

స్ప్రింగు రైఫిల్‌ను ఛర్రా లేకుండా కాల్చొద్దు. ముందు గాలి దిండు లేక పిస్టన్ నేరుగా కొట్టుకుని సీలు పగులుతుంది. దాని గాలి గదిలో నూనె వేయొద్దు, ఒత్తిడికి ఆవిరై పేలుతుంది, శబ్దం పెరిగితే శక్తి పెరిగిందని మురిసిపోయేవాళ్లు ఉంటారు. మ్యాచ్ రైఫిల్లో మాత్రం ఛర్రా లేకుండా ట్రిగ్గరు నొక్కే సాధనకు ప్రత్యేకమైన మీట ఉంటుంది. ఇదే అన్నిటికన్నా చవక సాధన. వారానికి నాలుగు రోజులు, రోజుకు 80 చొప్పున కాలిస్తే ఏడాదికి 16,640, అంటే 33 డబ్బాలకు మించి. అందులో రెండు రోజులు ఛర్రా లేని సాధన చేస్తే 17 డబ్బాలతో సరిపోతుంది. పైస్థాయి షూటర్లు కూడా ఇలాగే చేస్తారు, అది పిసినారితనం కాదు.

డబ్బాను బైకు డిక్కీలో వేసుకుని నాగార్జునసాగర్ దారి గతుకుల్లో తీసుకుపోతే 500 ఛర్రాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. డబ్బా లోపల ఖాళీలో స్పాంజి ముక్క పెట్టండి, పోటీకి గుంటలున్న పెట్టె వాడండి. చెక్కపెట్టెలో దాచొద్దు, చెక్కలోంచి వచ్చే ఆమ్ల ఆవిరి సీసం మీద తెల్లటి పొడి పట్టిస్తుంది. తెల్లబడ్డ ఛర్రాలను రుద్ది వాడకండి, తల కొలత మారిపోయి ఉంటుంది.

గాలి సిలిండర్ మామూలుగా 200 బార్ ఒత్తిడితో నిండి ఉంటుంది. మే నెల ఎండలో కారులో వదిలేయొద్దు. సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడండి, మ్యాచ్ రైఫిల్ సిలిండర్ల వాడుక గడువు పదేళ్లు. గడువు దాటినవి తక్కువ ధరకు అమ్మకానికి వస్తాయి, ఎంత చవకైనా తీసుకోకండి.

సీసం సంగతి కూడా చూడాలి. ఏడాదికి 16,640 ఛర్రాలంటే దాదాపు 9 కిలోల సీసం. సాధన మధ్యలో తినడం, తాగడం, గుట్కా నమలడం మానండి, చేతులు సబ్బుతో కడిగాకే గిన్నె ముట్టండి. ఛర్రాను నోట్లో పెట్టుకునే అలవాటు ఉంటే ఇవాళే వదలండి. పెట్టెలోని ఇసుకను ఊడ్చేటప్పుడు పొడి లేవకుండా తడి చేసి మాస్కు పెట్టుకోండి. పోగైన సీసాన్ని వంటింట్లో కరిగించి గాలం గుండ్లు చేసే ఆలోచన వద్దు, పాత బ్యాటరీలు కొనే వ్యాపారికి ఇచ్చేయండి.

గ్రూపు చెడితే ఎక్కడ చూడాలి

నిలువుగా సాగితే సిలిండర్ ఒత్తిడి పడిపోతోందేమో, ఆ ఒత్తిడిని సమంగా ఉంచే రెగ్యులేటరు సరిగ్గా ఉందో లేదో చూడండి. స్ప్రింగు రైఫిల్ అయితే పట్టు మారుతోంది. అడ్డంగా సాగితే ట్రిగ్గరును పక్కకు లాగుతున్నారు, లేదా రైఫిల్ ఒక్కోసారి ఒక్కో వైపు ఒరుగుతోంది. రెండు వేర్వేరు ముద్దలు కనిపిస్తే రెండు లాట్లు కలిశాయి, లేదా గురి చూసే సైటు గానీ కట్టె స్క్రూ గానీ వదులైంది. అన్ని వైపులా చెదిరితే గొట్టం మురికి, మూతి అంచు దెబ్బతినడం, లేదా ఛర్రా సరిపోకపోవడం. ఆ క్రమంలోనే చూడండి, ఎందుకంటే మొదటిది ఉచితం, రెండోది చూసుకోవచ్చు, మూడోదానికే డబ్బు కావాలి.

పాయింట్ 22 దాకా వెళితే

ఇక్కడ లైసెన్సు తప్పదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు ఐదేళ్లు, మామూలుగా ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. ఒకేసారి దగ్గర ఉంచుకోగల తూటాలు, ఏడాదికి కొనగలవి లైసెన్సులోనే రాసి ఉంటాయి, ప్రతి కొనుగోలూ అందులో నమోదవుతుంది. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు ఆయుధాన్ని స్టేషన్లో అప్పగించమంటే సాధన ఆగిపోతుంది, పోటీల క్యాలెండరు చూసుకుని ముందే కాల్చుకోవాలి. సొంత రైఫిల్ కొనే ముందు క్లబ్బులో చేరి క్లబ్బు రైఫిల్‌తో, అక్కడే కొన్న తూటాలతో రేంజిలో కాల్చడం చవక, చిక్కులూ తక్కువ.

తూటా 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాముల సీసపు బుల్లెట్టు. పెట్టెలో 50. స్టాండర్డ్ వెలాసిటీ అని ఉన్నవే కొనండి. వాటి వేగం సెకనుకు 325 మీటర్ల దగ్గర ఉంటుంది. హై వెలాసిటీవి 375 దాకా పోతాయి. ధ్వని వేగం 15 డిగ్రీల దగ్గర 340, మన ఎండాకాలపు 40 డిగ్రీల దగ్గర 355 మీటర్లు. హై వెలాసిటీ తూటా ఆ వేగాన్ని దాటి బయల్దేరి, 50 మీటర్లు పోయే లోపే దానికన్నా కిందికి దిగుతుంది. ఆ దిగే దగ్గర బుల్లెట్టు తూలుతుంది. డబ్బు ఎక్కువ పెట్టి గురి చెడగొట్టుకోవడమంటే ఇదే.

ఎలీలో టెనెక్స్, మ్యాచ్, టీమ్, క్లబ్, స్పోర్ట్, లపువాలో మైడాస్, సెంటర్-ఎక్స్, ఆ కుటుంబంలోనే ఎస్‌కే రకాలు ఉన్నాయి. సాధనకు ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్, ఎలీ క్లబ్ తరగతి సరిపోతుంది. మ్యాచ్‌కు మాత్రం లాట్ పరీక్ష చేయండి. 50 మీటర్ల దగ్గర పదేసి గుళ్ల గ్రూపులు ఐదు. హద్దు ఇలా తెలుస్తుంది: 10వ వలయం వ్యాసం 10.4 మి.మీ., బుల్లెట్టు 5.6 మి.మీ., అంచు తాకితే చాలు కాబట్టి మధ్య నుంచి మధ్యకు 16 మి.మీ. లోపు ఉండే గ్రూపు కేంద్రంలో కూర్చుంటే అన్నీ పదులే. ఆ అంకె లోపు వచ్చే లాట్ దొరికితే ఆ ఏడాది దాన్నే కొనండి. 20 దాటే లాట్ పోటీకి వద్దు, సాధనకు పరవాలేదు.

బుల్లెట్టు మీది మైనపు పూతను తుడవొద్దు, గొట్టంలో సీసం అంటకుండా చూసేది అదే. ఆ పూతకు ఎర్రమట్టి దుమ్ము అంటితే మాత్రం గరుకు కాగితంలా పనిచేస్తుంది. కాబట్టి తూటాలను జేబులో వదులుగా వేసుకోవద్దు, నేల మీద పెట్టొద్దు. ఎండలో ఉన్న కారులో వదిలితే పూత కరిగి ఒక వైపుకు చేరుతుంది, అదే పెట్టెలో ఒకటి పైకి ఒకటి కిందికి పడతాయి. ఇంట్లో తాళం వేసిన బీరువాలో, చల్లటి గదిలో, రైఫిల్‌కు దూరంగా ఉంచండి.

కాల్చిన తొడుగుల్లో మళ్లీ మందు నింపడం గురించి అడుగుతుంటారు. పాయింట్ 22లో పేలుడు మిశ్రమం తొడుగు అంచు లోపల ఉంటుంది, సుత్తి ఒకసారి కొట్టాక ఆ అంచు పనైపోతుంది. పైగా లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం.

ట్రిగ్గరు నొక్కినా పేలకపోతే రైఫిల్‌ను గురి వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. ఆ తర్వాతే బోల్టు తెరవండి. శబ్దం మామూలు కన్నా తక్కువగా, ఉస్సుమని వస్తే రెండో తూటా వేయొద్దు. తూటా బయటికి తీసి, బోల్టు తెరిచి, వెనుక వైపు నుంచి గొట్టంలోకి చూడండి. బుల్లెట్టు మధ్యలో ఇరుక్కుని ఉంటే దాని మీద ఇంకోటి కాల్చడం గొట్టాన్ని చీల్చేస్తుంది. అలాంటి రైఫిల్‌ను రేంజిలో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌కు అప్పగించండి, ఇంటికి తెచ్చి కడ్డీ పెట్టి కొట్టకండి.